వెనక నుంచి గంట

కుళంబర్ దొర గుర్రం చావకపోతే ఈ గొడవంతా జరిగేదే కాదు. కుళంబర్ అంటే ఫిజీ చెరకు తోటల్లో కూలీలను అదిలించే తెల్లదొరకి మనవాళ్ళు పెట్టుకున్న పేరు. ఆయన గుర్రం ఏదో పిచ్చి ఆకు మేసి, కడుపుబ్బి, కాళ్ళు చాపేసింది. ఇంకో గుర్రాన్ని పంపండని పైవాళ్ళను అడిగితే, మేత దండగ అనుకున్నారో ఏమో, లాంచీలో ఒక సైకిలు పంపించారు. దొర దాన్నెక్కి, కూలీలందరూ చూస్తుండగా కంచె మీద పడ్డాడు. లేచి బట్టలు దులుపుకుని, ఇలాంటివి తొక్కడం దొరల పని కాదని తేల్చేశాడు. అట్లా ఆ సైకిలు పైడయ్య చేతికొచ్చింది.

పైడయ్యది విజయనగరం పక్క పల్లె. సైకిలు తొక్కడం అతనికి ఎవరూ నేర్పలేదు. దారి పక్కనున్న మురుగుకాలవే నేర్పింది. ఆ తోటలో కూలీలుండే గదుల వరసలు, లైన్లంటారు, రెండు. పైలైను దొరగారి ఆఫీసు దగ్గర, కిందిలైను రేవు దగ్గర. రెంటికీ మధ్య చెరకు బళ్ళు పోయే ట్రాము పట్టాలు, పట్టాల పక్కన మనుషులు నడిచే సన్నటి దారి. ఒక పక్క మనిషి లోతు కాలవ, ఇంకో పక్క గోడ కట్టినట్టు చెరకు. పైడయ్య పైలైను నుంచి తెల్లారుతూనే బయలుదేరి దొర చెప్పిన పనులూ, క్వినైను సీసాలూ, కత్తులు నూరే ఆకురాళ్ళూ కిందిలైనుకి చేరేసి, తిరిగి పైకి రావాలి.

పనైతే తేలికే. అసలు సంగతి అది కాదు. కిందిలైనులో మునెమ్మ ఉంది.

చిత్తూరు వైపు పిల్ల. కూలీలను పోగేసి ఉంచే మదరాసు డిపోలో, ఓడ ఎక్కబోయే ముందు, పసుపుకొమ్ము కట్టిన దారం ఆమె మెడలో వేశాడు పైడయ్య. సాక్ష్యం అచ్చియ్యమ్మ. డిపోలో ఉన్నవాళ్ళందరికీ పెద్దదిక్కు ఆవిడే. పెళ్ళయితే అయ్యింది గానీ, ఏ కాగితంలోనూ ఎక్కలేదు. కాగితంలో లేని పెళ్ళాం పెళ్ళాం కాదన్నాడు దొర. మొగుణ్ణి పైలైనులో, పెళ్ళాన్ని కిందిలైనులో పడేశాడు. ఆదివారం వెళ్ళి చూద్దామంటే కూలీల మీద పెత్తనం చేసే సర్దారు చీటీ ఇవ్వాలి, ఆయనకి బుద్ధి పుట్టాలి. సైకిలు వచ్చాక ఆ బాధ తప్పింది. రోజూ పొద్దున్నే పైడయ్య చెమటలు కక్కుతూ కిందిలైను చేరతాడు. మునెమ్మ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇస్తుంది. అతను తాగుతాడు, ఆమె చూస్తుంది. ఆ చెంబెడు నీళ్ళు తాగినంతసేపే వాళ్ళ కాపురం. పాపం, అతను గుక్క గుక్కకీ మధ్య ఎంత ఆగేవాడో చెప్పలేం.

అలా తాగి ఆలస్యమై, ఆ ఆలస్యం పూడ్చుకోవడానికి గాలిలా తొక్కుతూ వస్తున్న ఒక పొద్దున, సర్దారు రామ్ నారాయణను వెనక నుంచి గుద్దేశాడు. సర్దారు ఉత్తరాది మనిషి, మెలి తిప్పిన మీసం, చేతిలో ఇనప పొన్నుకర్ర. మీసంతో సహా కాలవలో పడ్డాడు.

దొర పంచాయితీ పెట్టాడు. సైకిలుకు గంట ఉండాలన్నాడు. సైకిలుతో వచ్చిన పెట్టె అడుగున మూలిగే ఇత్తడి గంట తీయించి బిగించాడు. తర్వాత పైడయ్యను నిలబెట్టి చట్టం చదివాడు. దారిలో ఎదట మనిషి నడుస్తూ కనిపిస్తే, ఆ మనిషి ఎవరైనా సరే, వెనక నుంచి గంట కొట్టాలి. దబదబా కొట్టకూడదు, మర్యాదగా కొట్టాలి. వాళ్ళు తప్పుకునేదాకా ఆగాలి, దాటేటప్పుడు సలాం చెప్పాలి. గంట కొట్టకుండా ఒక్కరిని దాటినా సైకిలు లాక్కుని చెరకు కత్తి చేతికిస్తానన్నాడు.

"కొడతాను బాబూ. ఎవులు కనిపిత్తే ఆల్లకి కొడతాను" అన్నాడు పైడయ్య.

దొర చేసిన చట్టం మంచిదే. కాకపోతే ఆయన మన మనుషులతో ఒక్కమాటైనా అనుకోకుండా చేశాడు.

మర్నాడు పైడయ్య నీళ్ళు తాగి, సైకిలెక్కి పైకి వస్తున్నాడు. ఎదట కిందిలైను గ్యాంగు, గొడ్డళ్ళూ పారలూ భుజాన పెట్టుకుని పనికి పోతోంది. ముందు అచ్చియ్యమ్మ, మధ్యలో మునెమ్మ, చివర కర్ర ఊపుకుంటూ సర్దారు. పైడయ్య చట్టం గుర్తు తెచ్చుకుని, బొటనవేలితో మర్యాదగా గంట మీటాడు. టింగ్ అంది.

గ్యాంగంతా ఠక్కున ఆగిపోయింది. అచ్చియ్యమ్మ భుజం మీది పార దించింది. "యెనకనుంచి పిలిసీసినాడు" అంది, ఎవరో పోయారని చెప్పినట్టు.

ఇక చెప్పేదేముంది. పని మీద బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలిస్తే ఆ పని సాగదు, ఆ మనిషి క్షేమంగా తిరిగి రాడు. ఇంటికి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి బయలుదేరాలి. ఫిజీకి వచ్చినంత మాత్రాన ఇదేమీ మారలేదు. సముద్రంలో కులం పోయిందన్నారు, మడీ ఆచారమూ పోయాయన్నారు గానీ ఇది మాత్రం ఓడ దిగి వాళ్ళతోనే వచ్చింది. గ్యాంగు వెనక్కి తిరిగి లైనుకి నడిచింది. సర్దారు కర్ర ఎత్తబోయి దించేశాడు. ఆయన దేశంలోనూ ఇదే పట్టింపు.

"ఏ పీఛే సే టోకిస్ హై" అని, వెనక నుంచి పిలిచాడని ఆయన భాషలో గొణుక్కుంటూ తనూ వెళ్ళి కూర్చుని ఒక చెంబు తాగాడు.

అందరూ మళ్ళీ బయలుదేరారు. సన్నటి దారిలో వాళ్ళకి అడ్డం కాకుండా పైడయ్య కూడా సైకిలు తోసుకుంటూ లైను దాకా వెనక్కి వచ్చేశాడు, మళ్ళీ వాళ్ళ వెనకే తేలాడు. వాళ్ళు ముందుకు నడిచారు. ఎదట మనుషులు నడుస్తూ కనిపించారు. కొడితే వాళ్ళు ఆగుతారు, కొట్టకపోతే సైకిలు పోతుంది. కొట్టాడు. మళ్ళీ అందరూ లైనుకి, మళ్ళీ కాళ్ళు కడగడాలు, మళ్ళీ నీళ్ళు. గ్యాంగు పొలం చేరేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. నీళ్ళు తాగీ తాగీ మనుషులు వంగి పార వెయ్యలేకపోయారు.

దొర మండిపడ్డాడు. గంట కొట్టి తీరాలి, గ్యాంగు వేళకి చేరి తీరాలి అన్నాడు. రెండూ ఎలా కుదురుతాయో ఆయన చెప్పలేదు. దొరలెప్పుడూ అది చెప్పరు.

పైడయ్య బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. గంటకి ముందు దగ్గి చూశాడు. దగ్గు తుమ్ములా వినిపించిందని అచ్చియ్యమ్మ ఇంకాసేపు ఎక్కువ కూర్చుంది. దూరం నుంచే కూనిరాగం తీసుకుంటూ వచ్చి చూశాడు. ఆ గొంతు విని మునెమ్మే మొదట వెనక్కి తిరిగింది, ఆమెతోపాటు గ్యాంగంతా తిరిగింది. చివరికి ఒక ఉపాయం తట్టింది. వెనక నుంచి పిలిస్తేనే కదా తప్పు, ముందు నుంచి పిలిస్తే తప్పేముంది? సైకిలును నెత్తిన పెట్టుకుని చెరకులో దూరాడు. ఆకు కోసుకుని చేతులన్నీ గీరుకుపోయాయి. పడుతూ లేస్తూ గ్యాంగును దాటి, ముందు తేలి, సైకిలెక్కి వాళ్ళకి ఎదురొచ్చి, మర్యాదగా గంట కొట్టి, సలాం చెప్పాడు. అందరూ సంతోషంగా పక్కకి తప్పుకున్నారు. "ఇదీ పద్దతంటే" అని అచ్చియ్యమ్మ మెచ్చుకుంది. పైడయ్య దర్జాగా వాళ్ళను దాటాడు. దాటి చూసుకుంటే మళ్ళీ వాళ్ళ వెనకే ఉన్నాడు.

మునెమ్మ చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అతను మళ్ళీ సైకిలు నెత్తికెత్తుకున్నాడు. పొలం చేరేదాకా అలా ఎదురొస్తూనే ఉన్నాడు, సలాములు కొడుతూనే ఉన్నాడు. దారిలో ఒక్క అడుగూ ముందుకి పడలేదు.

ఆదివారం మధ్యాహ్నం కిందిలైను వసారాలో కూర్చుని అందరూ దీని గురించే మాట్లాడారు. సర్దారూ వచ్చాడు, యంగోనా చిప్ప పట్టుకుని. ఫిజీవాళ్ళు వేరు దంచి నీళ్ళలో పిసికి తాగే ఆ మత్తునీళ్ళు ఆయనకి బాగా అలవాటైపోయాయి. పైడయ్య ఒక మూల తల దించుకుని కూర్చున్నాడు. సైకిలు పోతుందేమోనని అతని భయం. సైకిలు పోతే పొద్దుటి చెంబు పోయినట్టే.

"ఈడు ముందుకి రానేడు" అంది అచ్చియ్యమ్మ. "మనమే ఈడేపు తిరిగితే సరిపోద్ది."

"తిరిగి?" అన్నాడు పైడయ్య.

"తిరిగే నడుద్దాం. మొకం నీ యేపు, నడక పొలం యేపు. అప్పుడు నువ్వు ఎదరనుంచి పిలిసినట్టే గదరా."

సర్దారు చిప్ప దించి చాలాసేపు ఆలోచించాడు. ఇందులో శాస్త్రానికి వచ్చిన లోటేమీ ఆయనకి కనిపించలేదు.

సోమవారం నుంచి కిందిలైను గ్యాంగు వెనక్కి నడిచింది. పారలు భుజాన పెట్టుకుని, కళ్ళు లైను వైపు పెట్టుకుని, మడమలతో దారి తడుముకుంటూ పొలానికి పోయేవారు. పైడయ్య వస్తూ కనిపించగానే అందరూ నవ్వుమొహాలు పెట్టేవారు. అతను గంట కొట్టేవాడు, వాళ్ళు తప్పుకునేవారు, సలాములు జరిగేవి. ఇంత చక్కగా ఎన్నడూ సాగలేదు. ఒక్క సర్దారుకే ఇబ్బంది. మనిషి చివర నడుస్తాడు కనుక మామూలుగానే నడిచి, ఎదట నవ్వుమొహాలు కనిపించగానే గంటకి ముందే తనూ వెనక్కి తిరిగేవాడు. దారి పొడుగునా అంతమంది ఆయన మొహంలోకే చూస్తూ ఉండేవారు. ఎటు చూడాలో తెలియక ఆయన మీసం సవరించుకుంటూ నడిచేవాడు.

ఇదంతా దొర తన మేడమెట్ల మీద నుంచి చూశాడు. గ్యాంగు మొహాలన్నీ లైను వైపు ఉన్నాయి. అంటే పని మానేసి ఇంటికి పోతున్నారు. కానీ చూస్తున్నకొద్దీ లైనుకి దూరమవుతున్నారు. ఆయన కళ్ళు నులుముకున్నాడు. ఎండదెబ్బ అనుకుని టోపీ తీసి నీళ్ళలో ముంచి పెట్టుకున్నాడు. మళ్ళీ చూశాడు. మనుషులు ఇంటి వైపే చూస్తూ ఇంకా దూరం పోయారు.

సర్దారును పిలిపించాడు. సర్దారు ఉన్నదున్నట్టు చెప్పాడు. దొరకి ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ ఒకటి పట్టుకున్నాడు. ఈ పైడయ్య అంత పొద్దున్నే, అంత వేగంగా, ఎందుకు తిరుగుతున్నట్టు?

"ఉస్కా ఔరత్ ఉధర్ హై" అన్నాడు సర్దారు. వాడి ఆడమనిషి కిందిలైనులో ఉందని చెప్పేశాడు. చెడు చెయ్యాలని కాదు, అడిగితే చెప్పాడంతే.

దొర మొహం వెలిగిపోయింది. తప్పు గంటది కాదు, సైకిలుదీ కాదు, ఆ ఆడదానిది. ఆమె లేకపోతే వీడు నెమ్మదిగా తొక్కుతాడు. నెమ్మదిగా తొక్కితే గుద్దడు. గుద్దకపోతే గంట అక్కర్లేదు. గంట లేకపోతే కూలీలు ముందుకి నడుస్తారు. కాబట్టి మునెమ్మను తవువా అనే ఊరి అవతలి తోటకి పంపెయ్యాలి. మర్నాడే లాంచీ. సర్దారు వెంట వెళ్ళి అప్పజెప్పి రావాలి.

మనిషిని సామానులా పంపేస్తామంటే ఎంత తేలిగ్గా తేలిపోయిందో చూడండి. ఒళ్ళు మండదూ?

పైడయ్యకి ఆ సంగతి తెల్లారి చెంబు అందుకుంటున్నప్పుడు తెలిసింది. చెంబు ఎత్తకుండా అలాగే పట్టుకున్నాడు. మునెమ్మ మూట కట్టుకుని ఉంది, కళ్ళు వాచి ఉన్నాయి.

"తాగు మామా" అంది. "మళ్ళా ఎవురిస్తారో ఏమో."

తవువా ఎక్కడో, ఆ తోట ఎలాంటిదో, గిర్మిట్ అనే కూలి ఒప్పందం ముగిశాక ఎవరెక్కడ తేలతారో అతనికి తెలియదు. ఒక దారం కట్టినందుకు ఏ దొర దగ్గరికి పోయి అడిగినా నవ్వుతారని మాత్రం తెలుసు. ఏడుపొచ్చింది. లైనులో ఆడవాళ్ళ ముందు ఏడవలేక సైకిలు సీటు తుడుస్తూ నిలబడ్డాడు.

సర్దారు వచ్చాడు. ఆయన మొహమూ ఏమంత బాగాలేదు. కలకత్తా నుంచి వచ్చిన ఓడలో ఆయన ఒక్క ముద్ద కడుపులో నిలుపుకోలేదు. లాంచీ పేరెత్తితేనే తల తిరుగుతుంది. "చలో" అన్నాడు నీరసంగా. మునెమ్మ మూట చంకన పెట్టుకుని రేవు దారి పట్టింది. వెనక సర్దారు. ఆ వెనక, రేవుదాకా దిగబెడదామని, సైకిలెక్కి పైడయ్య. రేవులో లాంచీ పొగ వదులుతోంది. పోటు నీళ్ళు మీదున్నంతసేపే అది మడచెట్ల మధ్య పాయలోంచి బయటపడగలదు.

దారిలో ఎదట మనుషులు నడుస్తూ కనిపించారు.

పైడయ్య వాళ్ళను చూశాడు. గంటను చూశాడు. ఈ ముదనష్టపు గంట వల్ల ఎన్ని తిట్లు తిన్నాడో, ఎంత చెరకాకు కోసుకుందో అన్నీ గుర్తొచ్చాయి. మర్యాదగా మీటాడు.

టింగ్ అంది.

సర్దారు రాయిలా నిలబడిపోయాడు. మునెమ్మ ఆగింది గానీ తల తిప్పలేదు.

"టోక్ దిహిస్" అన్నాడు సర్దారు. అంత సముద్రం మీద ప్రయాణం, బయలుదేరగానే వెనక నుంచి పిలుపు. ఆయన లైనుకి తిరిగి నడిచాడు. మునెమ్మా వచ్చి మెట్టు మీద కూర్చుంది. అచ్చియ్యమ్మ నీళ్ళు తెచ్చింది. వాళ్ళు తాగి లేచారు, నడిచారు. పైడయ్య మళ్ళీ కొట్టాడు. మళ్ళీ వచ్చారు. ఈసారి అచ్చియ్యమ్మకి సంగతి బోధపడింది.

"ఉట్టి నీల్లు సాలవు సర్దారూ" అంది. "సముద్రం మీద ఎల్తన్నారు. కాల్లు కడగాల. తలమీద కూడా జల్లుకోవాల." అని పొయ్యి మీద నీళ్ళు కాచడానికి వెళ్ళింది. ఆవిడ అగ్గి రాజెయ్యడం ఎంత నిదానంగా జరిగిందంటే, సర్దారు ఒక కునుకు తీశాడు. లాంచీ కూత వేసింది. సర్దారు ఉలిక్కిపడి లేచి నాలుగడుగులు వేశాడు. టింగ్ అంది. నిజం చెప్పాలంటే, ఈసారి ఆయన సంతోషంగానే వెనక్కి తిరిగాడు.

పోటు తీసింది. పాయ పక్కన బురద బయటపడింది. లాంచీ ఇంకో కూత వేసి, మునెమ్మ లేకుండానే పోయింది.

దొర పైనుంచి నడిచి వచ్చేసరికి మొహం ఎర్రగా కందిపోయి ఉంది. ఎందుకు కొట్టావని పైడయ్య మీద అరిచాడు.

"మనిసి నడిత్తే గంట కొట్టమన్నారు గదా బాబూ" అన్నాడు పైడయ్య, సైకిలు పట్టుకుని. "ఎవులైనా సరే అన్నారు. మర్యాదగానే కొట్టినాను."

చట్టం తనది. దొర సర్దారు వైపు చూశాడు. తడి తలతో, కడిగిన కాళ్ళతో సర్దారు సలాం చేశాడు. వచ్చే లాంచీకి మళ్ళీ ఇదే తంతు జరుగుతుందని దొరకి తెలిసిపోయింది. కాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి ఇద్దరినీ ఒకే లైనులో పడెయ్యమన్నాడు. పక్కపక్కనే ఉంటే వీడికి తొక్కే పని ఉండదు. సైకిలును మాత్రం వచ్చే లాంచీలో తవువాకి పంపెయ్యమన్నాడు. అక్కడివాళ్ళే పడతారని గొణుక్కుంటూ మెట్ట ఎక్కి వెళ్ళిపోయాడు.

పైడయ్యకి రేపటి నుంచి చెరకు కత్తే. ఆ సంగతి అతనికి తట్టనే లేదు.

జనమంతా పనికి పోయారు. వెనక్కి కాదు, మామూలుగానే నడిచి పోయారు. మునెమ్మ ఇంకా మెట్టు మీదే కూర్చుని ఉంది, ఒళ్ళో మూట, చేతిలో ఖాళీ చెంబు. పైడయ్య ఆమె వెనక సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలుస్తోంది.

"ఇంకేటికేడుపు? ఉండిపోయినావు గదే" అన్నాడు.

"మా ఊర్నించి వొచ్చేటప్పుడు మాయమ్మ మేలుకోనే ఉండాది మామా" అంది మునెమ్మ, రేవు వైపు చూస్తూనే. "నేను పోయేది ఆమెకి తెలుసు. వాకిలి దాటినా, ఏరు దాటినా. చెవులు యెనకాలే పెట్టి నడిచినా. ఒక్క కేక వేస్తే తిరిగి పోదామనే. టేషను దాకా ఎవురూ పిలవలేదు."

ఓదార్చడం పైడయ్యకి అలవాటు లేని పని. చేతిలో గంట ఉంది. మెల్లగా మీటాడు.

మునెమ్మ ఎక్కడికీ బయలుదేరడం లేదు. అయినా వెనక్కి తిరిగి చూసింది.